కెనడా పాత నోట్లు: వేలంలో ధర ఎక్కడ పుడుతుంది?

కెనడా ఒక డాలరు నోట్లు రెండు ఉన్నాయనుకోండి. రెండింటి మీదా రెండో ఎలిజబెత్ రాణి బొమ్మే, 1954 అన్న సంవత్సరమే. రెండూ ఎవరి జేబులోనూ నలగని, పెళపెళలాడే నోట్లు. వేలంలో పెడితే ఒకదానికి పది డాలర్లు రావడం గగనం. రెండోది వేల డాలర్లు పలుకుతుంది. దూరం నుంచి చూసే వారికి రెండింటి మధ్య తేడా కనిపించదు. తెలిసినవారు మూడు చోట్ల చూస్తారు: రాణి చెవి వెనుక జుట్టు, కింది సంతకాలు, నంబరు ముందున్న అక్షరాలు. ఆ తరువాతే నోటు ఎంత శుభ్రంగా ఉందన్న ప్రశ్న వస్తుంది.

కొత్తగా ఈ రంగంలోకి వచ్చేవారు సాధారణంగా ఈ వరుసను తలకిందులు చేస్తారు. గ్రేడింగు సంస్థలు నోటును పరీక్షించి, మూసి ఇచ్చే ప్లాస్టిక్ హోల్డర్ మీద పెద్ద అక్షరాలతో ఉన్న 65, 66 వంటి గ్రేడు అంకెను ముందు చూసి, దాన్నే నోటు విలువ అనుకుంటారు. ఆ అంకె నోటు స్థితి గురించి ఒక నిపుణుడి అభిప్రాయం మాత్రమే. అది ఏ నోటు, ఎంత అరుదు, ఆ కాగితం ఎంత సహజంగా మిగిలింది అన్న ప్రశ్నలకు సమాధానం నోటులోనే ఉంటుంది. కెనడా నోట్లను వేలంలో కొనాలనుకునే తెలుగువారు హైదరాబాద్‌లో ఉన్నా టొరంటోలో ఉన్నా ముందుగా ఇది గట్టిగా పట్టుకోవాలి.

ముందు నోట్ల వంశవృక్షం

కెనడాలో కాగితపు డబ్బు మూడు చేతుల మీదుగా వచ్చింది. మొదటిది డొమినియన్ ప్రభుత్వం, అంటే అప్పటి కెనడా కేంద్ర ప్రభుత్వం. 1870లో వచ్చిన 25 సెంట్ల చిన్న నోటు దీని ముద్దుబిడ్డ. సేకర్తలు దాన్ని షిన్‌ప్లాస్టర్ అంటారు. 1870, 1900, 1923 తేదీలతో మూడు విడతలుగా వచ్చింది. బ్రిటన్‌కు ప్రతీకగా గీసే బ్రిటానియా అనే స్త్రీ బొమ్మ ఉన్న ఆ చిట్టి నోటుతోనే సేకరణ మొదలుపెట్టినవారు చాలామంది. రెండోది ప్రైవేటు బ్యాంకులు. బ్యాంక్ ఆఫ్ మాంట్రియల్, బ్యాంక్ ఆఫ్ నోవా స్కోషియా, రాయల్ బ్యాంక్ వంటివి సొంత పేరుతో నోట్లు అచ్చువేసేవి. మూడోది కేంద్ర బ్యాంకు. 1935 మార్చి 11న పని ప్రారంభించిన బ్యాంక్ ఆఫ్ కెనడా క్రమంగా నోట్ల ముద్రణాధికారాన్ని తన చేతిలోకి తీసుకుంది. ప్రైవేటు బ్యాంకుల నోట్ల బాధ్యత కూడా 1950లో దానికే చేరింది.

భారతీయ పాఠకులు ఇక్కడ ఒక తేడా గమనించాలి. 2016 నవంబరు 8 రాత్రి మన దగ్గర 500, 1000 రూపాయల నోట్లు రద్దయ్యాయి. 2017 చట్టం అలాంటి నోట్లు పదికి మించి దగ్గర ఉంచుకోవడాన్నే నేరం చేసింది. అధ్యయనానికీ నాణేల సేకరణకూ మాత్రం 25 వరకు వెసులుబాటు ఇచ్చింది. కెనడాలో అలా జరగలేదు. 2021 జనవరి 1 నుంచి 1, 2, 25, 500, 1000 డాలర్ల నోట్లు దుకాణంలో చెల్లుబాటు కావు. అయినా బ్యాంక్ ఆఫ్ కెనడా వాటిని ముఖవిలువకు ఎప్పుడైనా తీసుకుంటుంది. అంటే కెనడా వెయ్యి డాలర్ల నోటు ఎంత నలిగినా దాని వెల వెయ్యి డాలర్ల కిందకు పోదు. పెద్ద నోట్ల వేలంలో ఈ అడుగు ధర కొనేవారికి కొంత ధైర్యాన్నిస్తుంది. ఒక డాలరు నోటు విషయంలో మాత్రం ఈ రక్షణ ఒక్క డాలరే.

రెండు భాషలు, మూడు సంతకాలు

1935 నోట్ల వరుస కెనడా సేకర్తలకు ప్రాణం. ఆ ఒక్కసారే కేంద్ర బ్యాంకు ఇంగ్లీషు నోట్లు వేరుగా, ఫ్రెంచి నోట్లు వేరుగా అచ్చువేసింది. ఒక డాలరు మీద అయిదో జార్జి, రెండు డాలర్ల మీద మేరీ రాణి, ఇరవై డాలర్ల మీద ఎనిమిదేళ్ల ఎలిజబెత్ యువరాణి. ఊదా రంగులో 25 డాలర్ల నోటు రాజు సింహాసనమెక్కిన రజతోత్సవానికి వచ్చింది. 500 డాలర్ల మీద తొలి ప్రధాని జాన్ మెక్‌డొనాల్డ్. ఫ్రెంచి నోట్లు తక్కువగా అచ్చయ్యాయి కాబట్టి ఒకే స్థితిలో ఉన్నా ఎక్కువ పలుకుతాయి. ఇరవై డాలర్ల నోటులోనైతే ముద్ర (సీల్) పెద్దదా చిన్నదా అన్నది కూడా వేరు రకంగా లెక్క.

రెండేళ్లకే ఈ పద్ధతి మారింది. రాజు పోయాడు, ఆయన కొడుకు సింహాసనం వదిలేశాడు, ఆరో జార్జి వచ్చాడు. 1937 నోట్లలో రెండు భాషలూ ఒకే నోటు మీదకు చేరాయి. అన్నింటి మీదా 1937 జనవరి 2 అనే తేదీ ఉంటుంది. అది వరుస తేదీ మాత్రమే, అచ్చయిన రోజు కాదు. అదే తేదీతో 1954 దాకా నోట్లు వస్తూనే ఉన్నాయి. మరి ఏ నోటు ఎప్పటిది? సంతకాలు చెబుతాయి. గవర్నరు గ్రాహమ్ టవర్స్ సంతకం అన్నింటిలోనూ ఉంటుంది. పక్కన ఉప గవర్నరుగా మొదట ఓస్బర్న్, తరువాత డొనాల్డ్ గోర్డన్, చివర జేమ్స్ కోయిన్. ఓస్బర్న్ ఇంగ్లండు నుంచి వచ్చి 1938లోనే వెళ్లిపోయాడు. ఆ కాస్త కాలంలో అచ్చయిన నోట్లే ఆయన పేరుతో ఉన్నాయి. అందుకే చూపుకు ఒకే నోటు అయినా, ఓస్బర్న్–టవర్స్ జంటకు ఉండే గిరాకీ కోయిన్–టవర్స్ జంటకు ఉండదు.

వేలం జాబితాలో "బీసీ-21" వంటి సంకేతాలు కనిపిస్తాయి. ఇవి చార్ల్‌టన్ ప్రెస్ ప్రచురించే కేటలాగు సంఖ్యలు. బీసీ అంటే బ్యాంక్ ఆఫ్ కెనడా, డీసీ అంటే డొమినియన్ నోటు. సంఖ్య తరువాత వచ్చే చిన్న అక్షరం సంతకాన్నో ఉపరకాన్నో చెబుతుంది. కెనడా నోట్ల గురించి మాట్లాడే వారందరూ ఈ సంఖ్యల్లోనే మాట్లాడతారు కనుక, మొదటి వేలం నాటికే ఆ కేటలాగు చేతిలో ఉండటం మంచిది. అందులోని ధరలు మాత్రం దారి చూపడానికే. అసలు ధర జరిగిన పాటల్లోనే తెలుస్తుంది.

రాణి జుట్టులో దెయ్యం

ఇప్పుడు మొదట చెప్పిన ఒక డాలరు నోటు దగ్గరకు వద్దాం. 1954 వరుసకు రాణి బొమ్మను యూసుఫ్ కార్ష్ అనే ప్రసిద్ధ ఫొటోగ్రాఫరు 1951లో తీసిన చిత్రం నుంచి తీసుకున్నారు. అప్పటికి ఆమె యువరాణే. చిత్రంలో తల మీదున్న కిరీటాన్ని నోటు కోసం తొలగించారు. జార్జి గుండర్సన్ అనే చెక్కుడు కళాకారుడు ఆ ఫొటోలోని వెలుగునీడలను ఉన్నవున్నట్టు లోహపు పలకపై గీశాడు. నోట్లు బయటికొచ్చాక, రాణి చెవి వెనుక మెలితిరిగిన జుట్టులో వెలుగు పడిన చోట ఇకిలిస్తున్న దెయ్యం ముఖం కనిపిస్తోందని జనం అనడం మొదలుపెట్టారు. వంకర ముక్కు, కన్ను, నోరు — ఒకసారి చూపిస్తే ఇక చూడకుండా ఉండలేం. కావాలనే చెక్కారని పుకార్లు లేచాయి. నిజానికి ఆ వెలుగు మచ్చ ఫొటోలోనే ఉంది. 1956లో పలకలను సవరించి ఆ భాగాన్ని ముదురు చేశారు. మొదటి రకాన్ని 'డెవిల్స్ ఫేస్' అనీ, రెండో దాన్ని 'మాడిఫైడ్ పోర్ట్రెయిట్' అనీ పిలుస్తారు. ఒక డాలరులో మొదటిది బీసీ-29, రెండోది బీసీ-37.

వీటిని గుర్తించడంలో ఒక చిన్న మెలిక ఉంది. 1954 వరుసలో కోయిన్–టవర్స్ సంతకాలున్న నోటు అయితే అది తప్పకుండా దెయ్యం నోటే, ఎందుకంటే టవర్స్ ఆ ఏడాది చివరికే పదవి విడిచాడు. కోయిన్ గవర్నరై, బీటీ ఉప గవర్నరుగా ఉన్నప్పటి బీటీ–కోయిన్ సంతకాలుంటే మాత్రం సంతకం సరిపోదు. ఆ జంట సవరణకు ముందూ ఉంది, తరువాతా ఉంది. జుట్టునే చూడాలి. అమ్మకందారులు కొందరు బీటీ–కోయిన్ మాడిఫైడ్ నోటును మసక ఫొటోతో, "1954 పాత నోటు" అని పెట్టి ఆశ పుట్టిస్తారు. బీటీ–రాస్మిన్‌స్కీ, లాసన్–బోయి వంటి తరువాతి సంతకాలు కనిపిస్తే ఇక దెయ్యం ప్రస్తావనే అక్కర్లేదు. అవి లక్షల్లో మిగిలిన మామూలు నోట్లు.

దెయ్యం నోట్లన్నీ ఖరీదైనవే అనుకోవడం కూడా పొరపాటు. నలిగిన ఒక డాలరు, రెండు డాలర్ల దెయ్యం నోట్లు చాలానే దొరుకుతాయి. ధరను ఆకాశానికి ఎత్తేది వాటి నంబరు ముందున్న నక్షత్రం గుర్తు. ముద్రణలో ఒక నోటు పాడైతే, అదే నంబరుతో మళ్లీ అచ్చువేయడం ఖర్చుతో కూడిన పని. దాని బదులు వేరే వరుసలో ముందే సిద్ధం చేసి ఉంచిన నోటును కట్టలో పెట్టేవారు. ఆ బదులు నోటుకే నక్షత్రం. మన రిజర్వ్ బ్యాంకు 2006 నుంచి ప్రవేశపెట్టిన స్టార్ నోట్ల వెనుక ఉన్న ఆలోచన కూడా ఇదే. మన సేకర్తలకు ఇది వెంటనే అర్థమవుతుంది. కెనడాలో 1954 వరుసతో మొదలైన ఈ పద్ధతి ఆ తరువాత రూపం మార్చుకుంది. 1986 పక్షుల వరుస నాటికి నక్షత్రం పోయి, నంబరు ముందున్న మూడక్షరాల్లో చివరిది ఎక్స్ అయితే అది బదులు నోటు అన్నమాట. దెయ్యం ముఖం, నక్షత్రం, నలగని కాగితం — ఈ మూడూ కలిస్తేనే ఆ వేల డాలర్ల కథ.

నక్షత్రం విలువ ఇంత పెరిగింది కాబట్టే దాన్ని చేతితో చేర్చే మోసాలూ పుట్టాయి. నంబరు రంగు, అక్షరాల మధ్య దూరం, నక్షత్రం చుట్టూ కాగితం చెరిపిన జాడ — వీటిని భూతద్దంతో చూడకుండా హోల్డర్ లేని నక్షత్రం నోటును పెద్ద ధరకు కొనకూడదు.

అంతా విలువైనదే కాదు

ఇంట్లో దాచుకున్న కెనడా నోట్లలో అందరికీ తగిలేది 1967 శతజయంతి ఒక డాలరు. నంబరు స్థానంలో "1867 1967" అని ఉంటుంది. చూడ్డానికి విశేషంగా కనిపిస్తుంది గనుక లక్షల కుటుంబాలు దాచిపెట్టాయి. అందరూ దాచినందువల్లే దానికి విలువ రాలేదు. ఒక డాలరు నోటు 1989లో, రెండు డాలర్ల నోటు 1996లో ఆగిపోయాయి. ఆగిపోయే ముందు ప్రజలు కట్టలు కట్టలుగా దాచుకున్నారు. కత్తిరించని పూర్తి షీట్లను బ్యాంకు స్వయంగా అమ్మింది. అవి బహుమతిగా బాగుంటాయి, పెట్టుబడిగా కాదు.

విశేష నంబర్ల సంగతి వేరు. ఎటు నుంచి చదివినా ఒకేలా ఉండే రాడార్ నంబరు, ఏడంకెలూ ఒకటే ఉన్నవి, 0000001 వంటి తొలి నంబర్లకు కెనడాలో గట్టి గిరాకీ ఉంది. మన దగ్గర 786కు ఉన్న మోజు అక్కడి వేలాల్లో ఎక్కడా కనిపించదు. ఏ అంకెలు అందమైనవన్నది ఆయా ఊరి జనం అభిరుచి. కొన్న చోట అమ్ముకోవాలనుకుంటే అక్కడి అభిరుచినే చూడాలి.

స్థితి అంటే ఏమిటి, ఎవరు చెబుతారు

నాణేలకు అమెరికాలో పుట్టిన 70 అంకెల కొలమానాన్నే నోట్లకూ వాడుతున్నారు. 4 దగ్గర చినిగి మాసిన నోటు, 70 దగ్గర లోపం లేని నోటు. మధ్యలో పేర్లున్న మెట్లు: 12 అయితే ఫైన్, 20 అయితే వెరీ ఫైన్, 40 అయితే ఎక్స్‌ట్రీమ్‌లీ ఫైన్, 50 అయితే అబౌట్ అన్‌సర్క్యులేటెడ్, 60 నుంచి అన్‌సర్క్యులేటెడ్. 65 నుంచి జెమ్ అంటారు. సేకర్తల మధ్య డబ్బు చేతులు మారేది ఎక్కువగా 40కీ 66కీ మధ్యలోనే.

ఈ మెట్లన్నింటికీ మూలం మడతలు. ఒక్క మడత కూడా లేకపోతే 60 పైన. మధ్యలో ఒక సన్నటి మడతో, క్యాషియరు లెక్కపెట్టినప్పుడు మూల దగ్గర పడిన చిన్న వంపో ఉంటే 50ల్లో. రెండు మూడు తేలికపాటి మడతలు గానీ, గట్టిగా విరిగిన ఒక్క మడత గానీ ఉంటే 40ల్లో. మడతలు నిలువునా అడ్డంగా పడి, కాగితం ఇంకా బిగువుగా ఉంటే 20, 30ల్లో. బిగువు పోయి మెత్తబడితే ఇంకా కింద. 60 దాటాక ప్రశ్న మారుతుంది. అక్కడ చూసేది అంచుల సమానత్వం, మూలల పదును, రంగు. నలుదిక్కులా తెల్లటి అంచు సమంగా ఉన్న నోటు 65 అవుతుంది, ఒక వైపు కోత బొమ్మకు దగ్గరగా ఉన్నది ఎంత కొత్తదైనా 63, 64 దగ్గర ఆగిపోతుంది. ముద్రణాలయం కత్తి చేసిన తప్పుకు ఇన్నేళ్ల తరువాత వందల డాలర్ల తేడా రావడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. అందుకే బడ్జెట్ తక్కువున్న వారికి నేను సహజమైన కాగితం ఉన్న 63ను సూచిస్తాను. కంటికి 65తో పెద్ద తేడా ఉండదు.

సూది రంధ్రాల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మన బ్యాంకులు నోట్ల కట్టలకు స్టేపుల్ పిన్నులు కొట్టేవి. 2001లో రిజర్వ్ బ్యాంకు ఆపమనేదాకా అదే అలవాటు. అందువల్ల భారతీయ నోట్లలో పిన్ను రంధ్రాలను మన సేకర్తలు కొంత ఉదారంగా క్షమిస్తారు. కెనడా నోటులో ఒక్క సూది బెజ్జం ఉన్నా అది లేబుల్ మీద రాతపూర్వకంగా ఎక్కుతుంది, ధర దిగుతుంది. మన కంటికి అలవాటైన కొలతతో అక్కడి నోటును అంచనా వేయకూడదు.

కాగితం నిజం చెప్పే చోటు

గ్రేడింగులో అతి పెద్ద తగాదా ఇస్త్రీ. 1937 నాటి నోటును చేతిలోకి తీసుకుని, గది చీకటి చేసి, టేబుల్ దీపాన్ని పక్క నుంచి దాదాపు నేల మట్టంగా పడేలా పెట్టండి. అసలైన నోటు ఉపరితలం చదునుగా ఉండదు. తడి కాగితం మీద చెక్కుడు పలకతో బలంగా ఒత్తి అచ్చువేశారు కనుక, ఎండినప్పుడు కాగితంలో సన్నటి అలలు మిగిలాయి. రాజు ముఖం దగ్గర సిరా గీతలు కాస్త లేచి నీడలు వేస్తాయి. వెనక్కి తిప్పితే నంబరు అంకెలు ముందు నుంచి ఒత్తిన గుర్తు కనిపిస్తుంది, వేలి కొసకు కూడా తెలుస్తుంది. ఇదే నోటును ఎవరో తడిపి, బరువు కింద పెట్టి చదును చేస్తే మడత మాయమవుతుంది. దాంతోపాటు అలలూ పోతాయి, ఒత్తిడి గుర్తులూ చదునవుతాయి. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన పాత పంచెలా నోటు బిర్రుగా కనిపిస్తుంది కానీ అందులో జీవం ఉండదు. మడత పడిన చోట సిరా పొర విరిగి ఉంటుంది. ఎంత ఒత్తినా ఆ విరిగిన గీత మళ్లీ అతకదు. పక్క వెలుతురులో బొమ్మ మధ్యగా సాగే సన్నటి తెల్లని గీతే దానికి సాక్ష్యం.

కడిగిన నోటుకు ఇంకో పరీక్ష అతినీలలోహిత దీపం. ఆ రోజుల నోట్ల కాగితంలో తెల్లదనం పెంచే రసాయనాలు లేవు. బట్టల సబ్బు పొడిలో ఉంటాయి. అటువంటి దానితో కడిగిన నోటు ఆ దీపం కింద నీలంగా మెరుస్తుంది. 2011 నుంచి వచ్చిన పాలిమర్ నోట్లకు ఈ మాటలేవీ వర్తించవు. వాటిని వేరే కంటితో చూడాలి.

హోల్డర్ మీద అంకె పక్కన ఉండే చిన్న మాటలకు ప్రాణం ఇక్కడే ఉంది. అమెరికా సంస్థ పేపర్ మనీ గ్యారంటీ 2005లో మొదలైంది. దాని లేబుల్ మీద 'ఈపీక్యూ' అని ఉంటే కాగితం సహజ స్థితిలో ఉందని అర్థం. 65, ఆ పైన గ్రేడు ఇవ్వాలంటే ఆ గుర్తు తప్పనిసరి. మరో అమెరికా గ్రేడింగు సంస్థ పీసీజీఎస్ దీన్నే 'పీపీక్యూ' అంటుంది. కెనడాకే చెందిన బ్యాంక్‌నోట్ సర్టిఫికేషన్ సర్వీస్ 'ఒరిజినల్' అని రాస్తుంది. నా దృష్టిలో ఈ మాట లేని 64 కంటే, ఈ మాట ఉన్న 58 మేలైన కొనుగోలు. మొదటిదాన్ని ఎవరో సరిచేశారు, రెండోది ఎలా ఉందో అలాగే వచ్చింది. లోపం వల్ల గ్రేడు తగ్గించారని చెప్పే 'నెట్' అన్న మాట కనిపించినా, వెనుక వైపు చిన్న అక్షరాల్లో 'చిరుగుకు మరమ్మతు', 'తుప్పు', 'అతికించిన జాడ' అని ఉన్నా అంకెను నమ్మి పాట పెంచకూడదు. వేలం ఫొటోల్లో సాధారణంగా ముందు లేబులే పెద్దగా చూపిస్తారు. వెనుక లేబుల్ ఫొటో లేకపోతే అడిగి తెప్పించుకోవాలి.

గ్రేడు వేసేవారూ మనుషులే. హోల్డర్ నుంచి తీసి మళ్లీ పంపితే 64 నోటు 65గా తిరిగి వచ్చిన సందర్భాలున్నాయి. ఆ ఆశతోనే కొందరు పదే పదే పంపుతారు. అందువల్ల ఆ సంస్థలు ప్రచురించే 'ఈ గ్రేడులో ఇన్ని నోట్లున్నాయి' అన్న లెక్కల్లో ఒకే నోటు రెండు మూడుసార్లు లెక్కకొచ్చే వీలుంది. ఇంకో వైపు, చవక నోట్లను గ్రేడింగుకు పంపడానికి అయ్యే ఖర్చు నోటు విలువనే దాటుతుంది కనుక ఎవరూ పంపరు. అలాంటి నోటు ఒకటి పంపి, 'ఈ గ్రేడులో ఇదొక్కటే' అని ప్రకటిస్తే ఆ మాట అబద్ధం కాదు, కానీ కొనేవారికి పనికొచ్చే సమాచారమూ కాదు.

పాట పాడే ముందు లెక్క

కెనడా నోట్లు ఎక్కువగా చేతులు మారేది కొన్ని వేలం సంస్థల్లోనే: న్యూ బ్రన్స్‌విక్ రాష్ట్రంలోని మాంక్టన్‌లో ఉన్న జెఫ్రీ బెల్ ఆక్షన్స్, కెనేడియన్ న్యూమిస్మాటిక్ కంపెనీ, డల్లాస్‌లోని హెరిటేజ్. రాయల్ కెనేడియన్ న్యూమిస్మాటిక్ అసోసియేషన్ వార్షిక సమావేశానికి అనుబంధంగా జరిగే వేలానికి మంచి నోట్లు వస్తాయి. 1964లో ఏర్పడిన కెనేడియన్ పేపర్ మనీ సొసైటీలో సభ్యత్వం తీసుకుంటే అనుభవజ్ఞుల సలహా దొరుకుతుంది. ఊళ్లో అడిగేందుకు మనిషి లేని మనలాంటి వారికి అది పెద్ద అండ.

వేలం జాబితాలో ఇచ్చే అంచనా ధరను పట్టించుకోనక్కర్లేదు. పాటదారులను రప్పించడానికి దాన్ని తక్కువగా పెట్టడం మామూలే. అదే కేటలాగు సంఖ్య, అదే సంతకాల జంట, దగ్గర గ్రేడు ఉన్న నోటు గత రెండు మూడేళ్లలో ఎంతకు పోయిందో చూడాలి. హెరిటేజ్ పాత ఫలితాలు పేరు నమోదు చేసుకున్న వారికి ఉచితంగానే కనిపిస్తాయి, ఫొటోలతో సహా. ఆ ఫొటోలను పక్కన పెట్టుకుని మన నోటుతో పోల్చడం కంటే మంచి చదువు ఈ రంగంలో లేదు.

అసలు దెబ్బ తగిలేది ఆఖరి బిల్లులో. పాట ఆగిన ధర మీద వేలం సంస్థ బయ్యర్స్ ప్రీమియం వేస్తుంది. సంస్థను బట్టి మారే ఈ రుసుము 20 శాతం అనుకుందాం. వెయ్యి డాలర్లకు పాట ఖరారైతే 1,200 అవుతుంది. ఒంటారియోలో ఉన్న కొనుగోలుదారు దాని మీద 13 శాతం పన్ను కడితే మొత్తం 1,356. మీ చేతి నుంచి వెయ్యికి మించి పోకూడదనుకుంటే 735 దగ్గరే పాట ఆపాలి. తపాలా, బీమా ఖర్చులు దీనికి అదనం. విక్రేత నేరుగా విదేశానికి పంపితే కెనడా అమ్మకం పన్ను ఉండదు. అందుకే హైదరాబాదులోని పాటదారు టొరంటోలోని పాటదారు కంటే కాస్త ఎక్కువ పాడగలిగినట్టు కనిపిస్తాడు. ఆ తేడాను మన కస్టమ్స్ సుంకం తినేయవచ్చు.

ఆన్‌లైన్‌లో గరిష్ఠ పాటను ముందే ఇచ్చి వదిలేయడం నాకు నచ్చిన పద్ధతి. అవతల ఎవరూ లేకపోతే యంత్రం తరువాతి మెట్టు వరకే పెంచుతుంది, మొత్తం పాడదు. ఎదురుగా పాట నడుస్తుంటే పంతం మన చేత 900 అనిపిస్తుంది, ముందు రోజు రాత్రి లెక్క 735 దగ్గరే ఆపుతుంది.

హోల్డర్లకే నకిలీలు వస్తున్నాయి కాబట్టి డబ్బు కట్టే ముందు లేబుల్ మీది ధ్రువీకరణ సంఖ్యను గ్రేడింగు సంస్థ వెబ్‌సైటులో కొట్టి చూడాలి. అక్కడ నోటు వివరం, చాలాసార్లు ఫొటో కూడా ఉంటాయి. నంబరు ఒక్కటే సరిపోలితే చాలదు. నోటు మీది నంబరు, మూలల్లోని మచ్చలు, అంచుల తీరు కూడా ఫొటోతో కలవాలి.

ఇంటికి తెచ్చుకోవడం

భారత్‌లో ఉండి కొనేవారు సొమ్మును రిజర్వ్ బ్యాంకు సరళీకృత రెమిటెన్స్ పథకం కింద పంపవచ్చు. ఏడాదికి రెండున్నర లక్షల అమెరికా డాలర్ల పరిమితి ఉంది గనుక సేకర్తకు ఇబ్బంది రాదు. ఇబ్బంది పెట్టేది రవాణా. కరెన్సీ నోట్లను అసలు తీసుకోని కొరియర్ సంస్థలు ఉన్నాయి. ఏ మార్గంలో పంపుతారో, పోతే బీమా ఎవరిదో పాటకు ముందే వేలం సంస్థతో రాతపూర్వకంగా తేల్చుకోవాలి. యాభై ఏళ్లు దాటి, నిర్ణీత విలువను మించిన కొన్ని వారసత్వ వస్తువులకు కెనడా చట్టం ఎగుమతి అనుమతి అడుగుతుంది. మామూలు దెయ్యం నోటుకు ఆ బెడద ఉండదు, పెద్ద డొమినియన్ నోటు కొనేవారు మాత్రం అడిగి తెలుసుకోవాలి. బ్రాంప్టన్‌లోనో మిస్సిసాగాలోనో బంధువులుంటే నోటును వారి చిరునామాకు పంపించి, వచ్చినప్పుడు తెమ్మనడం చాలామంది చేసే పని. అప్పుడు కెనడా పన్ను బిల్లులో చేరుతుందని, ఇక్కడి కస్టమ్స్ నిబంధనలు వారి సామానుకూ వర్తిస్తాయని గుర్తుంచుకుని పాట లెక్క వేసుకోవాలి.

ఇంటికొచ్చాక పీవీసీ కవర్లలో పెట్టకండి. అందులోని మెత్తబరిచే రసాయనాలు ఏళ్లు గడిచేకొద్దీ కాగితం మీదకు జిడ్డులా దిగుతాయి. పాలియెస్టర్‌తో చేసిన మైలార్ కవరు కావాలి. హోల్డర్‌లో ఉన్న నోటునైనా విశాఖ, కాకినాడ వంటి తీరప్రాంత తేమలో ఇనుప బీరువా అడుగున పెడితే కాగితం తేమ పీల్చి, చివరికి గోధుమ రంగు మచ్చలు తెచ్చుకుంటుంది. సిలికా జెల్ పొట్లం ఒకటి పక్కన పెట్టి, వానాకాలంలో దాన్ని మారుస్తూ ఉండండి.